హైదరాబాద్ నుంచి లేహ్‌కు సొంత కారులో: మా 14 రోజుల ప్రణాళికను పరిశీలించగలరు

మేడ్చల్ వాసి (జూన్ 7, రాత్రి 9:40)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే సెప్టెంబరు మొదటి వారంలో హైదరాబాద్ నుంచి లద్దాఖ్‌లోని లేహ్ వరకు సొంత కారులో వెళ్లి రావాలని మా ఇంట్లో నిశ్చయించుకున్నాం. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, 71 ఏళ్ల నాన్నగారు, 66 ఏళ్ల అమ్మగారు, మొత్తం ఐదుగురం. నాన్నగారికి మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఆరోగ్యం బాగానే ఉంది, రోజూ ఉదయం నడుస్తారు. బండి ఐదేళ్ల నాటి డీజిల్ కారు. నేను, నా భార్య ఇద్దరమూ నడుపుతాం.

మొదటి రోజు నాగపూర్, రెండో రోజు గ్వాలియర్, మూడో రోజు చండీగఢ్, నాలుగో రోజు మనాలి, ఐదో రోజు సర్చూ, ఆరో రోజు లేహ్ చేరుకుని, ఏడో రోజున పాంగాంగ్ సరస్సు, ఎనిమిదో రోజున నుబ్రా లోయ చూసి, వెళ్లిన దారినే 14వ రోజుకు తిరిగి రావాలన్నది మా ఆలోచన. విమానంలో వెళ్తే మూడు గంటల పని అని బంధువులు అంటున్నారు గాని, దక్కను నేల నుంచి హిమాలయాల దాకా దేశం ఎలా మారుతూ పోతుందో మా అబ్బాయికి కిటికీలోంచి చూపించాలన్నదే నా కోరిక. లోపాలు ఉంటే నిర్మొహమాటంగా చెప్పండి.

ఘాట్‌రోడ్డు (జూన్ 7, రాత్రి 10:25)

మేడ్చల్ వాసి గారూ, మీ కోరిక చాలా మంచిది, మీ పట్టిక మాత్రం ప్రమాదకరమైనది. నేను ఈ దారిలో రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి సరిగ్గా మీలాగే మనాలిలో ఒక్క రాత్రి పడుకుని మర్నాడు సర్చూలో గుడారంలో దిగాం. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు, సర్చూ ఎత్తు సుమారు 4,290 మీటర్లు. ఒక్క పగటిలో రెండు వేల మీటర్లకు పైగా ఎక్కి అక్కడే నిద్రకు ఉపక్రమించామన్నమాట. రాత్రి పదకొండు గంటలకు నా భార్యకు తలనొప్పి మొదలై, ఒంటిగంటకల్లా వాంతులయ్యాయి, తెల్లవారుజామున నాలుగు అడుగులు కూడా తిన్నగా వేయలేకపోయింది. వెలుతురు రాకముందే బారాలాచా కనుమ దాటి వెనక్కి, మనాలి వైపు కింద ఉన్న జిస్పా అనే ఊరికి దిగాం. ఆ కనుమ 4,890 మీటర్లు కాబట్టి, కిందికి దిగడానికి ముందు ఇంకా పైకి ఎక్కవలసి వచ్చిందని గమనించండి. సర్చూలో ఉన్న చిక్కు అదే. ఒకవైపు బారాలాచా, మరోవైపు లాచులుంగ్, టాంగ్‌లాంగ్ కనుమలు అడ్డుగా ఉంటాయి గనుక, ఒంట్లో బాగా లేకపోతే తొందరగా దిగిపోవడానికి దారి ఉండదు.

రెండోసారి శ్రీనగర్ మీదుగా ఎక్కి మనాలి మీదుగా దిగాం. శ్రీనగర్ 1,585 మీటర్లు, కార్గిల్ 2,676 మీటర్లు, లేహ్ సుమారు 3,500 మీటర్లు. ఆ దారిలో జోజీ లా 3,528 మీటర్లు, ఫోటూ లా 4,108 మీటర్లు (లా అంటే కనుమ) ఉన్నా, వాటిని పగలు దాటి కింద పడుకుంటాం. శరీరం లెక్క చూసేది పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నది కాదు, రాత్రి ఎంత ఎత్తున నిద్రపోయామన్నది. మీ పట్టికను కిలోమీటర్లను బట్టి వేశారు. దాన్ని చెరిపి, రాత్రి బస ఎత్తులను బట్టి మళ్లీ వేయండి.

గుంటూరు డాక్టరు (జూన్ 8, ఉదయం 6:50)

పై సభ్యులు చెప్పినది అక్షరాలా నిజం. ఎత్తుకు వెళ్లినప్పుడు గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, గాలి పీడనం తగ్గడం వల్ల ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. లేహ్‌లో అది సముద్ర మట్టంలో అందేదానిలో దాదాపు మూడింట రెండు వంతులు, 5,500 మీటర్ల దగ్గర సగం. దీనికి శరీరం అలవాటు పడడానికి కావలసినది సమయం ఒక్కటే. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యులు సాధారణంగా చెప్పే సూత్రం. విమానంలో నేరుగా లేహ్‌లో దిగితే ఈ సమస్య తప్పుతుందని కొందరు అనుకుంటారు, నిజానికి అలా వెళ్తేనే శరీరానికి అస్సలు వ్యవధి దొరకదు.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం మొదటి లక్షణాలు. ఆ దశలో ఇంకా పైకి పోకుండా ఆగిపోవాలి. కూర్చుని ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, నడకలో తూలడం, మాటలో తడబాటు కనిపిస్తే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందని భావించి వెంటనే కిందికి దిగాలి. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొద్ది నిమిషాలకే అయిపోతాయి, వాటిని నమ్ముకుని దిగడం ఆలస్యం చేయవద్దు. ఎత్తుకు శరీరం అలవాటు పడడానికి ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్ర ఉపయోగపడుతుంది గాని, సల్ఫా మందులు పడనివారు ఉంటారు గనుక వైద్యుడిని అడగకుండా వాడకూడదు. చిన్నపిల్లలు తమకు ఏమవుతోందో చెప్పలేరు. మీ అబ్బాయి ఆటలు మాని ముభావంగా కూర్చున్నా, అన్నం వద్దన్నా లక్షణంగానే తీసుకోండి.

ఇక నాన్నగారి విషయం. స్టెంట్ ఉన్న ప్రతి ఒక్కరూ ఎత్తుకు వెళ్లకూడదని ఎవరూ అనరు. అయితే ఆయన గుండె ఎంత శ్రమను తట్టుకుంటుందో ఆయనను చూస్తున్న వైద్యుడు పరీక్షించి చెప్పాలి. దయచేసి ఈ చర్చలో వచ్చే ధైర్యవచనాలను బట్టి నిర్ణయం తీసుకోకండి.

దూరభారం (జూన్ 8, ఉదయం 9:15)

నా అభిప్రాయం కొంత వేరు. ఉద్యోగస్థుడికి మూడు వారాల సెలవు దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ సుమారు 1,550 కిలోమీటర్లు, దాదాపు అంతా నాలుగు వరసల రహదారి. ఇద్దరు డ్రైవర్లు ఉంటే రెండు రోజుల్లో సులభంగా పూర్తవుతుంది, నేను అలా చేసి చూశాను. ఆ మైదానంలో మిగిల్చిన రోజులను కొండల్లో వాడుకోవచ్చు కదా.

నాగపూర్ తెలుగు (జూన్ 8, మధ్యాహ్నం 1:05)

దూరభారం గారూ, యువకులు ఇద్దరు నడిపే బండికీ పెద్దవాళ్లు, పిల్లవాడు ఉన్న బండికీ తేడా ఉంది. రెండు రోజుల్లో ఢిల్లీ అంటే రాత్రి కూడా నడపాలి. వానాకాలంలో మధ్యప్రదేశ్ రోడ్ల మీద పొలాల తడి భరించలేక పశువులు రోడ్డు మధ్యన వచ్చి పడుకుంటాయి, ఎదుటి బండి లైట్ల వెలుగులో నల్ల గేదె కనిపించదు. చీకటి పడ్డాక నడపకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే రోజుకు 500 కిలోమీటర్లే చక్కని పరిమితి అవుతుంది.

అదీగాక, మేడ్చల్ వాసి గారు దేశాన్ని కిటికీలోంచి చూపించాలన్నారు. అలాంటప్పుడు ఈ మైదానాన్ని వదిలించుకోవలసిన భారంగా చూడడం ఎందుకు? తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే నిర్మల్ దాటి నేరడిగొండ చేరేసరికి ఇంకా ఉదయమే అవుతుంది. అక్కడి నుంచి 12 కిలోమీటర్లు పక్కకు వెళ్తే కడెం వాగు మీద కుంటాల జలపాతం వస్తుంది. సెప్టెంబరులో అది నిండుగా దూకుతుంది, మెట్లు మాత్రం చాలా దిగాలి గనుక నాన్నగారు పైనుంచే చూడాలి. పెన్‌గంగ వంతెన దాటితే మహారాష్ట్ర. నల్లరేగడిలో పత్తి, సోయా, కంది చేలు హింగన్‌ఘాట్ వరకు మీతోనే వస్తాయి. నాగపూర్ 500 కిలోమీటర్లు, మొదటి రోజుకు అదే చాలు.

రెండో రోజున మన్సర్ దాటాక రోడ్డు పెంచ్ పులుల అడవిలోకి ప్రవేశిస్తుంది. అక్కడ 44వ నంబరు జాతీయ రహదారిని చాలాచోట్ల స్తంభాల మీదికి ఎత్తి, కింద నుంచి జంతువులు దాటిపోవడానికి దారులు విడిచిపెట్టారు. పులులు, అడవికుక్కలు, దుప్పులు ఆ దారుల్లో నడిచిన చిత్రాలను అటవీ శాఖ కెమెరాలు తీశాయి. మీ అబ్బాయికి రోడ్డు అడవికి దారి ఇచ్చిన చోటు చూపించండి, కానీ బండి ఆపవద్దు. సివనీ, లఖనాదౌన్ దాటి సాగర్‌లో బస చేయండి. మూడో రోజు మధ్యాహ్నానికి ఝాన్సీ పక్కనున్న ఓర్ఛా చేరతారు. ఆ ఊరిని మాత్రం దాటిపోకండి.

పాలపిట్ట (జూన్ 8, సాయంత్రం 6:30)

ఓర్ఛా పేరు వచ్చింది కాబట్టి నేనూ రెండు మాటలు చెబుతాను. మనకు రాముడంటే భద్రాద్రి రాముడు. ఓర్ఛాలో ఆయన దేవుడే గాక రాజు కూడా, అందుకే అక్కడ రామరాజా అంటారు, గుడి దగ్గర పోలీసులు రోజూ ఆయనకు గౌరవ వందనం చేస్తారు. 16వ శతాబ్దంలో మధుకర్ షా రాణి గణేశ్ కువరి అయోధ్య నుంచి విగ్రహం తెచ్చి, గుడి పూర్తయ్యేదాకా తన మహలులో ఉంచిందనీ, తీరా చతుర్భుజ ఆలయం సిద్ధమయ్యాక విగ్రహం అక్కడి నుంచి కదలలేదనీ ఐతిహ్యం. అందుకే పెద్ద శిఖరాలతో కట్టిన గుడి ఒకటి, రాముడు కొలువైన రాజప్రాసాదం మరొకటి పక్కపక్కనే ఉంటాయి. సాయంత్రం హారతి చూసి, పొద్దున్నే బేత్వా ఒడ్డున బుందేలా రాజుల ఛత్రీలు (స్మారక మంటపాలు) చూస్తే, మూడు రోజుల ప్రయాణ బడలిక తీరిపోతుంది. మీ అమ్మగారికీ నాన్నగారికీ ఈ యాత్రలో అన్నిటికంటే నచ్చే చోటు ఇదే అవుతుందని నా నమ్మకం.

మేడ్చల్ వాసి (జూన్ 12, రాత్రి 8:10)

అందరికీ కృతజ్ఞతలు. ఈ నాలుగు రోజుల్లో రెండు పనులు జరిగాయి. కార్యాలయంలో మాట్లాడి సెలవును 22 రోజులకు పెంచుకున్నాను. నాన్నగారిని ఆయన గుండె వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాం. పరీక్షలన్నీ చూసి, మైదాన ప్రాంతంలో ఎంత తిరిగినా అభ్యంతరం లేదు గాని 2,500 మీటర్లకు పైన రాత్రి ఉండడం మంచిది కాదని ఆయన స్పష్టంగా చెప్పారు. ఆ మాట విని నాన్నగారు ఇంటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. నాకు కూడా మనసు మనసులో లేదు, యాత్ర మొత్తం మానుకుందామా అని కూడా అనుకున్నాను. నిన్న రాత్రి పాలపిట్ట గారు రాసినది ఆయనకు చదివి వినిపించాను. ‘ఓర్ఛా దాకా మేమూ వస్తాం, అక్కడి నుంచి మీరు పైకి వెళ్లండి’ అని ఆయనే అన్నారు. వాళ్లిద్దరూ తిరిగి రావడానికి ఏ మార్గం మంచిదో చెప్పగలరు.

నాగపూర్ తెలుగు (జూన్ 12, రాత్రి 8:55)

ఓర్ఛా నుంచి ఝాన్సీ స్టేషన్ 20 కిలోమీటర్ల లోపే. ఢిల్లీ నుంచి సికింద్రాబాద్ వచ్చే ప్రధాన మార్గం మీదే ఝాన్సీ ఉంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగి, నాగపూర్, కాజీపేట మీదుగా వాళ్లను నేరుగా ఇంటికి చేరుస్తుంది. టికెట్లు రెండు నెలల ముందే తెరుస్తారు కాబట్టి తేదీ నిర్ణయించుకున్న వెంటనే కింది బెర్తులు తీసుకోండి. ఇప్పుడు స్టేషన్ పేరు వీరాంగన లక్ష్మీబాయి ఝాన్సీ, వెతికేటప్పుడు తికమక పడకండి.

స్టెప్నీ (జూన్ 13, ఉదయం 7:20)

నేను ఇరవై ఏళ్లుగా గ్యారేజీ నడుపుతున్నాను. పెద్దవాళ్లు ఝాన్సీలో దిగడం వల్ల బండికి కూడా మేలే, ఐదుగురు మనుషులు, చలి బట్టలు, పైకప్పు మీద సామాను వేసుకుని ఐదు వేల మీటర్ల కనుమలు ఎక్కడం కష్టం. బయలుదేరడానికి పదిహేను రోజుల ముందే సర్వీసింగ్ చేయించి, ఆ తరువాత కనీసం ఐదారు వందల కిలోమీటర్లు తిప్పండి. ఏదైనా సరిగా బిగించకపోతే ఇక్కడే బయటపడుతుంది. బ్రేక్ ప్యాడ్లు సగం అరిగి ఉన్నా మార్చేయండి, బ్రేక్ ఆయిల్ పాతదైతే తప్పనిసరిగా కొత్తది పోయించండి. పొడవైన దిగుడులో బ్రేకులు వేడెక్కితే పాత ఆయిల్ మరిగి, పెడల్ తొక్కినా పట్టదు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని మా గురువుగారు చెప్పేవారు. న్యూట్రల్‌లో దించడం ఎన్నడూ చేయకండి.

టర్బో ఉన్న డీజిల్ ఇంజనుకు ఎత్తు మీద శక్తి తగ్గడం కొంత తక్కువే, అయినా బండి మందగించినట్టు అనిపిస్తుంది. అప్పుడు క్లచ్ మీద కాలు ఆనించి లాగించవద్దు, గేరు దించండి. టైరు గాలి పట్టే చిన్న కంప్రెసర్, పంక్చర్ సామగ్రి, జంపర్ వైర్లు, లాగే తాడు వెంట ఉండాలి. మనాలి వైపు నుంచి లేహ్ వెళ్లేటప్పుడు తాండీ అనే ఊరి బంకు దగ్గర, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని బోర్డు ఉంటుంది. మీరు తిరుగు దారిలో వస్తారు కాబట్టి లేహ్ నుంచి మనాలి వైపు వచ్చే దారిలోని కారూ అనే ఊళ్లో ట్యాంకు నిండా పోయించుకుని, తాండీ చేరేదాకా మధ్యలో దేనినీ నమ్ముకోకండి.

దూరభారం (జూన్ 13, ఉదయం 8:00)

పెద్దవారి ఆరోగ్యం గురించి తెలిశాక నా ముందటి మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఖర్చు విషయంలో ఒక సాయం చేయగలను. శ్రీనగర్ మీదుగా వెళ్లి మనాలి మీదుగా వస్తే, అక్కడి తిరుగుళ్లతో కలిపి సుమారు 5,800 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు, లీటరు 100 రూపాయలు అనుకుంటే ఇంధనానికి దాదాపు 39 వేలు. టోల్‌కు 2025 ఆగస్టు 15 నుంచి అమలులోకి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకోండి, మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 సార్లు టోల్‌గేటు దాటడం, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. జాతీయ రహదారులకే అది చెల్లుతుంది, రాష్ట్రాల ఎక్స్‌ప్రెస్‌వేలకు మామూలు టోల్ కట్టాలి.

చండీగఢ్ తెలుగు (జూన్ 13, మధ్యాహ్నం 3:45)

ఆగ్రా నుంచి వచ్చేటప్పుడు ఢిల్లీ నగరంలోకి వెళ్లవలసిన పని లేదు. పల్వల్ దగ్గర, ఢిల్లీ బయటి నుంచి చుట్టి వెళ్లే ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 135 కిలోమీటర్లలో కుండ్లీ దగ్గర మళ్లీ 44వ నంబరు రహదారి మీదికి వస్తారు. అక్కడి నుంచి పానిపట్, కర్నాల్, అంబాలా, పఠాన్‌కోట్ మీదుగా జమ్మూ. జమ్మూ దాటాక 9 కిలోమీటర్లకు పైబడిన చెనానీ–నాశ్రీ సొరంగం, 8.45 కిలోమీటర్ల బనిహాల్–ఖాజీగుండ్ సొరంగం వస్తాయి. రెండోదాని చీకటిలోంచి బయటికి రాగానే కాశ్మీర్ లోయ ఒక్కసారిగా వరిచేలతో ఎదురవుతుంది. అయితే ఆ రెంటి మధ్యనున్న రాంబన్ ప్రాంతం కొండచరియలకు పేరుపడినది. జమ్మూలో ముందు రోజు రాత్రి ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూడకుండా కదలకండి. భద్రతా పరిస్థితి వల్ల గాని వర్షం వల్ల గాని ఆ దారి మూసుకుపోతే, పఠాన్‌కోట్ దగ్గరే మనాలి వైపు మళ్లండి. అప్పుడు అటల్ సొరంగం దాటి జిస్పాలో రెండు రాత్రులు ఉండి, సర్చూలో ఆగకుండా తెల్లవారుజామున బయలుదేరి లేహ్ చేరాలి. అది అత్యవసర మార్గమే గాని మంచి మార్గం కాదు.

మనాలి నుంచి కిరత్‌పూర్ దాకా కొత్త రహదారి, సొరంగాలు వచ్చాయి గాని, బియాస్ నది 2023 జులైలో ఆ లోయను ఎంత దెబ్బతీసిందో మేము కళ్లారా చూశాం. సెప్టెంబరు రెండో సగంలో దిగేటట్టు చూసుకుంటే వాన ముప్పు తగ్గుతుంది. మరొక మాట. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో గాని లద్దాఖ్‌లో గాని పనిచేయవు, ఇంట్లో ఒకరి నంబరైనా పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి.

ఘాట్‌రోడ్డు (జూన్ 13, రాత్రి 9:30)

శ్రీనగర్ నుంచి లేహ్ సుమారు 420 కిలోమీటర్లు, దాన్ని ఒక్క రోజులో దాటాలని చూడకండి. సోన్‌మార్గ్ ముందు 6.5 కిలోమీటర్ల సొరంగాన్ని 2025 జనవరిలో ప్రారంభించారు గాని, జోజీ లా కింద సొరంగం ఇంకా కడుతున్నారు, కనుమను పాత ఇరుకు దారిలోనే ఎక్కాలి. పొద్దున్నే దాటేస్తే ద్రాస్‌లో తోలోలింగ్ కొండ పాదం దగ్గరి కార్గిల్ యుద్ధ స్మారకం దగ్గర రెండు గంటలు గడపవచ్చు. మన హైదరాబాద్‌లో పుట్టిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న ఆ కొండల మీదే ప్రాణమిచ్చారు, ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. అక్కడ ఆయన పేరు చదివినప్పుడు మా పిల్లలు అడిగిన ప్రశ్నలు కార్గిల్ చేరేదాకా ఆగలేదు.

కార్గిల్‌లో పడుకుని మర్నాడు ముల్బేఖ్‌లో కొండరాతిలో చెక్కిన మైత్రేయ బుద్ధుడిని, లామాయూరు మఠాన్ని చూస్తూ లేహ్ చేరండి. లేహ్‌లో రెండు పూర్తి రోజులు ఏ కనుమా ఎక్కవద్దు. పాంగాంగ్, నుబ్రా రెండూ పెట్టుకోకుండా ఒకటే ఎంచుకోమని నా సలహా. పాంగాంగ్ 4,200 మీటర్లకు పైన ఉంది, నుబ్రాలోని దిస్కిత్ అంతకంటే వెయ్యి మీటర్లు కింద ఉంది. పిల్లవాడితో రాత్రి బసకు నుబ్రాయే మేలు. నుబ్రా దారిలో వచ్చే ఖార్దుంగ్ లా పైన ఫొటో తీసుకుని పది నిమిషాల్లో దిగిపోవాలి. అనుమతులు, పర్యావరణ రుసుం పద్ధతి మారుతూ ఉంటుంది కాబట్టి, బయలుదేరే ముందు లేహ్ జిల్లా యంత్రాంగం వెబ్‌సైట్ చూసుకోండి.

మేడ్చల్ వాసి (జూన్ 15, రాత్రి 10:05)

మీ అందరి మాటలతో పట్టిక ఇలా మారింది. సెప్టెంబరు 4న బయలుదేరి నాగపూర్, సాగర్, ఓర్ఛా. ఓర్ఛాలో రెండు రాత్రులు ఉండి, అమ్మానాన్నలను ఝాన్సీలో రైలెక్కించి, ఆగ్రా, అంబాలా, జమ్మూ మీదుగా శ్రీనగర్. అక్కడ రెండు రాత్రులు, కార్గిల్‌లో ఒకటి, లేహ్‌లో మూడు, నుబ్రాలో ఒకటి, మళ్లీ లేహ్‌లో ఒకటి. ఆ తరువాత జిస్పా, మండీ, కర్నాల్, గ్వాలియర్, నాగపూర్ బసలతో ఇల్లు. పాంగాంగ్ వదిలేశాం. దారులు మూసుకుపోయినా, ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోయినా వాడుకోవడానికి ఒక రోజు ఖాళీగా ఉంచాను, అది కూడా సరిపోకపోతే నుబ్రాను మానుకుంటాం.

ఒక్క సందేహం మిగిలింది. 2021 నవంబరులో సింధు పుష్కరాలకు వెళ్లాలని అమ్మగారు చాలా ఆశపడ్డారు, కుదరలేదు. ఇప్పుడు కూడా వెళ్లడం లేదు కాబట్టి చెంబెడు సింధు నీళ్లు తెమ్మని అడిగారు. నిమ్మూ దగ్గర సింధు, జంస్కార్ కలిసే చోట పట్టవచ్చా?

ఘాట్‌రోడ్డు (జూన్ 15, రాత్రి 10:40)

నిమ్మూ సంగమాన్ని పైన రోడ్డు మీదనుంచి చూడండి, రెండు రంగుల నీళ్లు కలవడం అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. నీళ్లు పట్టడానికి మాత్రం లేహ్ నుంచి షే వెళ్లే దారిలో సింధు ఘాట్ ఉంది, పట్టణానికి పది కిలోమీటర్ల లోపే. అక్కడ నదిలోకి మెట్లు కట్టారు, ప్రవాహం కూడా ఒడ్డున నెమ్మదిగా ఉంటుంది. ప్లాస్టిక్ సీసా ఎత్తు మీద ఉబ్బి మూత వదులవుతుంది, మరమూత ఉన్న చిన్న రాగి చెంబు ఇంటి నుంచే తీసుకువెళ్లండి.

మేడ్చల్ వాసి (జూన్ 15, రాత్రి 10:52)

రాగి చెంబును అమ్మగారు అప్పుడే తోమి పెట్టారండీ.